రాత్రిపూట స్పోర్ట్స్ కారు ఫోటోలు: వీధి దీపాల రంగు దిద్దడం, మొదటి నుంచి చివరిదాకా

ఎర్ర కారు తీస్తే ఆవకాయ నూనె రంగులో వస్తోంది. నీలం కారు బూడిద రంగుకు తిరుగుతోంది. తెల్ల కారుకు ఒక పక్క పసుపు, రెండో పక్క ఆకుపచ్చ చాయ. ఎడిటింగ్‌లో స్లైడర్ చివరిదాకా లాగినా దారికి రావడం లేదు. అందరూ అడిగేది ఇదే.

ఈ పనిలో సగం కారు దగ్గరే అయిపోవాలి. దీపం కాంతిలో నీలం లేకపోతే కారు నీలం రంగు కెమెరాకు చేరదు. చేరని రంగును ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. అందుకే ముందు దీపం సంగతి, తర్వాత కెమెరా, ఆ తర్వాతే లైట్‌రూమ్ (ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేరు).

లక్ష్యం కూడా ముందే అనుకోండి. ఫ్రేమంతా తెల్లటి కాంతిలో తీసినట్టు ఉండనక్కర్లేదు. కారు పెయింటు నిజం రంగులో ఉండాలి. రోడ్డు మీద, గోడల మీద కాస్త పసుపు మిగిలితేనే అది రాత్రిలా ఉంటుంది.

## 1. ఏ దీపమో గుర్తుపట్టండి

సోడియం దీపం (హై ప్రెషర్): నారింజ కాంతి, సుమారు 2000 నుంచి 2100 కెల్విన్ (కాంతి రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ నారింజ, పెరిగేకొద్దీ నీలం). మన నగరాల్లో ప్రధాన రోడ్ల మీద తగ్గిపోయింది కానీ పాత కాలనీలు, గోడౌన్ల ఆవరణలు, రేవుల పరిసరాల్లో ఇంకా తగులుతుంది. నీలం చాలా తక్కువ. దిద్దడం కష్టమే, అసాధ్యం కాదు.

సోడియం దీపం (లో ప్రెషర్): 589 నానోమీటర్ల దగ్గర ఒకే పసుపు. దీని కింద రంగు అనేదే లేదు, వెలుగు నీడలు మాత్రమే. మన దగ్గర వీధుల్లో దాదాపు కనిపించదు, బ్రిటన్ లాంటి చోట్ల ఒకప్పుడు విరివిగా వాడారు. తగిలితే బ్లాక్ అండ్ వైట్‌కు మార్చేయండి, లేదా సొంత లైటు వాడండి. మూడో దారి లేదు.

మెర్క్యురీ, మెటల్ హలైడ్: ఆకుపచ్చ లేదా నీలి ఆకుపచ్చ చాయ. పాత పెట్రోల్ బంకులు, ఆటస్థలాలు, ఫ్యాక్టరీ షెడ్లు.

ఎల్ఈడీ: 2015లో కేంద్రం వీధి దీపాల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టాక హైదరాబాద్, విశాఖల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. సాధారణంగా 4000 నుంచి 6500 కెల్విన్ మధ్య. పచ్చ చాయ కొద్దిగా ఉంటుంది, సులువుగా పోతుంది.

కంటితో తేల్చుకోలేకపోతే పాత సీడీ ఒకటి బ్యాగులో వేసుకోండి. దాని మెరిసే వైపు దీపాన్ని ప్రతిబింబింపజేసి వంచి చూడండి. రంగులన్నీ కలిసిపోయి పరుచుకుంటే ఎల్ఈడీ. రంగుల మధ్య నల్లటి ఖాళీలుంటే సోడియం లేదా మెర్క్యురీ. ఒక్క పసుపు గీతే కనిపిస్తే లో ప్రెషర్ సోడియం.

## 2. సామాను

- బరువైన ట్రైపాడ్, రిమోట్ (లేకపోతే 2 సెకన్ల టైమర్)
- 50 నుంచి 135 మిల్లీమీటర్ల మధ్య లెన్సు. 24తో దగ్గరకెళ్తే ముక్కు సాగిపోయి కారు ఆకారమే మారుతుంది
- సర్క్యులర్ పోలరైజర్ (ప్రతిబింబాలను తగ్గించే ఫిల్టరు)
- గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిద అట్ట), వీలైతే రంగుల గడులున్న కలర్ చార్టు
- 60 నుంచి 120 సెంటీమీటర్ల ఎల్ఈడీ లైట్ స్టిక్. సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 95 లేదా పైన, 5600 కెల్విన్‌కు పెట్టగలిగేది
- ఫ్లాష్ వాడేవాళ్లకు ఫుల్ సీటీఓ జెల్ (ఫ్లాష్ కాంతిని నారింజకు మార్చే పలచటి రంగు కాగితం) రెండు ముక్కలు
- మైక్రోఫైబర్ గుడ్డలు 4, నీళ్ల స్ప్రే, 20 లీటర్ల నీళ్ల క్యాను
- నల్ల లేదా ముదురు రంగు బట్టలు, లైటు పట్టుకుని నడిచేవాళ్లకు

సోడియం కింద ఎక్కువగా పనిచేసేవాళ్లు 80ఏ నీలం ఫిల్టరు కూడా కొనుక్కోవచ్చు. ఎందుకో 5వ భాగంలో ఉంది.

## 3. చోటు, సమయం

ఫ్లైఓవర్లు, అవుటర్ రింగ్ రోడ్డు, దుర్గం చెరువు వంతెన ఫోటోల్లో బాగుంటాయి. వాటి మీద కారు ఆపి ట్రైపాడ్ పెట్టడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ప్రైవేటు పార్కింగ్, ఆఫీసు ఆవరణ, గోడౌన్ దారి లాంటివి చూసుకుని అనుమతి తీసుకోండి. దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉన్నాయో కూడా పగలే చూసి రండి. ముక్కు పైకెత్తే సదుపాయం లేని కారైతే ఆ ఒక్కదానితోనే ప్లాను మారిపోతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు:

- కారు మీద పడే దీపాలన్నీ ఒకే రకమా? ఒక పక్క సోడియం, ఇంకో పక్క ఎల్ఈడీ ఉంటే కారును ఇరవై అడుగులు జరపడమే అన్నిటికన్నా చవకైన కలర్ కరెక్షన్
- కారు స్తంభం కింద నిలబడితే పైకప్పు మండిపోతుంది, పక్కలు నల్లబడతాయి. రెండు స్తంభాల మధ్య ఆపితే పక్కలకు వెలుగు అందుతుంది
- కారు వెనక కనీసం 10 మీటర్ల ఖాళీ
- ఎదురుగా దుకాణాల బోర్డులు లేకుండా. కారు పక్కభాగం అద్దంతో సమానం, ఆ బోర్డులన్నీ తలుపుల మీద కనిపిస్తాయి

సూర్యాస్తమయానికి అరగంట ముందే ట్రైపాడ్ బిగించండి. మన అక్షాంశాల్లో సంధ్య వెలుగు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది సమయంలో రెండు పనులు: ఆకాశం నీలంగా ఉండగా ఒక ఫ్రేము, వీధి దీపాలు వెలగకముందు కారు పెయింటు నిజం రంగు తెలిసేలా గ్రే కార్డుతో ఒక ఫ్రేము. రాత్రి ఎడిటింగ్‌లో “అసలు ఈ ఎరుపు ఏ ఎరుపు?” అనే ప్రశ్నకు సమాధానం ఆ రెండో ఫ్రేములోనే ఉంటుంది.

## 4. కారును సిద్ధం చేయడం

దుమ్ము పగటికన్నా రాత్రే ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే దీపం కాంతి ఏటవాలుగా తాకుతుంది. ముందు నీళ్ల స్ప్రే, తర్వాత గుడ్డ. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, కారు యజమానితో స్నేహం కూడా అక్కడితో సరి.

- ముందు చక్రాలు తిప్పితే అల్లాయ్ ముఖం కెమెరాకు కనిపించాలి, టైరు అరిగే భాగం కాదు
- చక్రాల మధ్య లోగోలు నిటారుగా ఉండేలా కారును అంగుళాల్లో జరపండి
- ఇంజన్ ఆపేయండి. ఐడిల్‌లో ఉన్న కారు వణుకుతుంది, 8 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో అంచులు మెత్తబడతాయి
- ఇంజన్ ఆపి లైట్లు వదిలేస్తే బ్యాటరీ దిగుతుంది. లైట్ల ఫ్రేములు వేరుగా, రెండు మూడు నిమిషాల్లో తీసేయండి
- నంబరు కనిపించకూడదనుకుంటే ఎడిటింగ్‌లో తుడవండి. ప్లేటుకు టేపు అంటించి రోడ్డెక్కితే చలానా ఖాయం

కారు చుట్టూ పది పన్నెండు అడుగుల మేర నేల తడిపితే నల్లటి తారు మీద ప్రతిబింబం వస్తుంది, ఫ్రేములో సగం చచ్చిన జాగా బతుకుతుంది. కానీ తడి నేల దీపం రంగును కారు కింది భాగానికి ఎగదోస్తుంది. సోడియం కింద తడపకపోవడమే మేలు. ఎల్ఈడీ కింద తడపండి.

## 5. కెమెరా సెట్టింగులు, ఈ వరసలోనే

1. రా ఫార్మాట్ (సెన్సర్ పట్టినదంతా దాచే ఫైలు). జేపెగ్‌లో తీస్తే సోడియం చాయ తీయడం దాదాపు కుదరదు.
2. కెమెరా ఎత్తు హెడ్‌లైటు స్థాయిలో, 60 నుంచి 90 సెంటీమీటర్లు.
3. ట్రైపాడ్ మీద ఉన్నంతసేపు స్టెబిలైజేషన్ ఆఫ్.
4. లైవ్ వ్యూ జూమ్ చేసి దగ్గరి హెడ్‌లైటు అంచు మీద ఫోకస్, వెంటనే మాన్యువల్‌కు మార్పు.
5. ఐఎస్ఓ 100, ఎఫ్ 8.
6. షట్టర్: బాగా వెలుగున్న రోడ్డు మీద 4 నుంచి 8 సెకన్లు. మసక కాలనీలో 30 సెకన్లదాకా.
7. వైట్ బ్యాలెన్స్ (ఏ కాంతిని తెలుపుగా లెక్కించాలో చెప్పే సెట్టింగు) ఆటోలో వద్దు. ఎల్ఈడీకి 4500 కెల్విన్‌తో మొదలుపెట్టండి, సోడియంకు కెమెరా ఇచ్చే కనిష్ఠం, చాలా కెమెరాల్లో 2500.

ఏడో అంకెను “రా తీస్తున్నాం కదా, తర్వాత మార్చుకుంటాం” అని చాలామంది వదిలేస్తారు. రా ఫైలుకు నష్టం లేని మాట నిజమే. హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) మాత్రం అబద్ధం చెబుతుంది. కెమెరా చూపేది వైట్ బ్యాలెన్స్ వేసిన తర్వాతి లెక్క. డేలైట్‌లో పెట్టి సోడియం కింద తీస్తే ఎరుపు చానల్ నిండిపోయినట్టు చూపిస్తుంది, మీరు భయపడి ఎక్స్‌పోజర్ తగ్గిస్తారు. అసలే అడుగంటిన నీలం చానల్ ఇంకా కిందికి పోయి నాయిస్‌లో (గరుకు చుక్కల్లో) మునుగుతుంది. 2500 దగ్గర హిస్టోగ్రామ్ నిజానికి దగ్గరగా ఉంటుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి ఎరుపు కుడి అంచు తాకకుండా వీలైనంత కుడికి జరపండి.

నీలం చానల్ నాయిస్‌కు రెండు మందులున్నాయి.

నాలుగు ఫ్రేముల సగటు: ఏదీ కదపకుండా ఒకే సెట్టింగులో 4 ఫ్రేములు. ఫోటోషాప్‌లో స్మార్ట్ ఆబ్జెక్టుగా పేర్చి స్టాక్ మోడ్ ‘మీన్’ పెడితే నాయిస్ సగానికి తగ్గుతుంది.

80ఏ ఫిల్టరు: రంగు లెక్కలు మైరెడ్‌లలో వేస్తే తేలిక. పది లక్షలను కెల్విన్‌తో భాగిస్తే మైరెడ్. 2100 కెల్విన్ అంటే 476. 80ఏ దాన్ని 131 తగ్గిస్తుంది, మిగిలేది 345, అంటే 2900 కెల్విన్. కెమెరాకు, లైట్‌రూమ్‌కు అందే పరిధిలోకి వచ్చేసింది. రెండు స్టాపుల వెలుగు పోతుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది), 8 సెకన్లకు బదులు 32 సెకన్లు. ట్రైపాడ్ మీద అదో సమస్య కాదు. ఫ్రేములో దీపాలుంటే ఫిల్టరు వల్ల దయ్యపు చుక్కలు వస్తాయి, అప్పుడు తీసేయండి. సోడియం పసుపును మింగే డిడిమియం గాజు ఫిల్టర్లు కూడా నైట్ ఫిల్టర్ల పేరుతో దొరుకుతాయి. ఎల్ఈడీ కింద వాటితో ఒరిగేది కొంచెమే.

పోలరైజర్ ఒకటి నుంచి రెండు స్టాపులు తింటుంది. ముందు అద్దం తేటపడేలా ఒక కోణంలో, పక్క తలుపులు తేటపడేలా ఇంకో కోణంలో వేర్వేరు ఫ్రేములు తీయండి. ఒక్క కోణంలో రెండూ కుదరవు.

కారు కదులుతున్న ఫోటో కావాలంటే ఒక జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత సోడియం దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, ఆ మినుకులో రంగు కూడా మారుతుంది. షట్టర్ 1/500 సెకను పెడితే ఫ్రేముకో రంగు. 1/100 కన్నా వేగంగా పెట్టకండి. ప్యానింగ్‌కు (కారుతో పాటే కెమెరా తిప్పుతూ తీయడానికి) 1/25 నుంచి 1/50 ఎటూ సరిపోతుంది. మూసిన ప్రాంగణంలోనే, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో.

## 6. రంగుకు ఆధారం పట్టుకోండి

గ్రే కార్డును కారు మీద పడే కాంతిలోనే పెట్టాలి, కెమెరా దగ్గర కాదు. బానెట్ దగ్గర ఒక ఫ్రేము, వెనక చక్రం దగ్గర ఒక ఫ్రేము. రెండిటి మధ్య తేడా ఉంటే మిశ్రమ కాంతి ఉందని అక్కడే తెలుస్తుంది.

కార్డు మరిచిపోతే నంబరు ప్లేటు ఆదుకుంటుంది. పెట్రోల్, డీజిల్ సొంత వాహనాల ప్లేటు తెలుపే కాబట్టి, మండిపోకుండా ఉంటే ఐడ్రాపర్‌కు (క్లిక్ చేసిన చోటును తటస్థ రంగుగా తీసుకునే పరికరానికి) పనికొస్తుంది. ఫ్లాష్ వేసిన ఫ్రేములో మాత్రం దాన్ని నమ్మొద్దు, ఆ ప్లేటు వెలుగును నేరుగా వెనక్కి కొడుతుంది. అల్లాయ్ చక్రాలు, క్రోమ్ మీద ఎప్పుడూ క్లిక్ చేయొద్దు, అవి చుట్టూ ఉన్నవాటి రంగు చూపిస్తాయి.

## 7. సొంత లైటు వేయడం

సోడియం కింద నీలం, ఊదా, ముదురు పచ్చ కార్లకు దిక్కు ఇదొక్కటే.

1. వీధి దీపాల ఎక్స్‌పోజర్‌ను రెండు స్టాపులు తగ్గించండి. 8 సెకన్లకు ఎఫ్ 8 సరైతే ఎఫ్ 16. షట్టర్ తగ్గించకండి, నడవడానికి ఆ టైము కావాలి.
2. లైట్ స్టిక్ 5600 కెల్విన్, నడుమ స్థాయి వెలుగు.
3. షట్టర్ తెరిచాక కారు పక్కగా, స్టిక్‌ను పైకప్పు కన్నా ఎత్తులో నేలకు సమాంతరంగా పట్టుకుని ముక్కు నుంచి తోకదాకా ఒకే వేగంతో నడవండి. నాలుగున్నర మీటర్ల కారుకు 6 నుంచి 8 సెకన్లు.
4. లైటు ముఖం ఎప్పుడూ కారువైపే. కెమెరావైపు తిరిగితే ఫ్రేములో తెల్లటి గీత.
5. విడివిడిగా: పక్కభాగం, బానెట్, పైకప్పు, ఒక్కో చక్రం, క్యాబిన్ లోపల. ఒక్కోదానికి రెండు మూడు ప్రయత్నాలు.
6. చివర్లో హెడ్‌లైట్లు, వెనక లైట్లు వెలిగించి 1/4 నుంచి 1 సెకను ఫ్రేములు.

పెయింటు మీద కనిపించే తెల్లటి గీత స్టిక్ ప్రతిబింబమే. చెయ్యి ఊగితే అది అలలు అలలుగా వస్తుంది, కారు సొట్టపోయినట్టు కనిపిస్తుంది. స్టిక్‌ను కర్రకు కట్టి, చివర కంటికి ఆనేలా ఒక గుర్తు పెట్టుకుని అదే ఎత్తులో నడవండి.

ఎంత వెలుగు చాలు? స్టిక్ వెలుగు వీధి దీపం కన్నా మూడు స్టాపులు ఎక్కువైతే అక్కడ నారింజ వాటా తొమ్మిదో వంతే. దాన్ని కన్ను పట్టించుకోదు. రెండు స్టాపులైతే అయిదో వంతు, కాస్త వెచ్చగా కనిపిస్తుంది. ఒక స్టాపు తేడాతో పని జరగదు.

ఫ్లాష్ వాడేవాళ్లు వేరే దారి పట్టొచ్చు: ఫ్లాష్‌నే సోడియం రంగుకు మార్చడం. 5500 కెల్విన్ ఫ్లాష్ 182 మైరెడ్, ఒక్కో ఫుల్ సీటీఓ జెల్ దాదాపు 159 కలుపుతుంది. రెండు వేస్తే 500, అంటే 2000 కెల్విన్. ఇప్పుడు రెండు కాంతులూ ఒకటే కాబట్టి ఒకే వైట్ బ్యాలెన్స్‌తో మొత్తం ఫ్రేము దిగుతుంది. పైగా ఫ్లాష్‌లో అన్ని రంగులూ కొంతయినా ఉంటాయి, పెయింటు బతుకుతుంది.

## 8. లైట్‌రూమ్‌లో

1. ప్రొఫైల్ న్యూట్రల్‌కు మార్చండి. వివిడ్ లాంటివి నారింజను ఇంకా రెచ్చగొడతాయి.
2. గ్రే కార్డు ఫ్రేము మీద ఐడ్రాపర్, ఆ విలువలను మిగతా ఫ్రేములకు సింక్.
3. ఎల్ఈడీ అయితే టింట్ స్లైడర్‌ను ఊదా (మెజెంటా) వైపు 5 నుంచి 15 జరిపితే చాలు.
4. కారుకు మాస్కు (మార్పు ఆ భాగానికే పడేలా గీసే హద్దు), నేపథ్యానికి వేరే మాస్కు. నేపథ్యంలో టెంపరేచర్‌ను కొద్దిగా వెచ్చగా వదలండి.
5. మిశ్రమ కాంతి అయితే ఒకే రా ఫైలుకు రెండు వర్చువల్ కాపీలు, ఒకటి సోడియంకు, ఒకటి ఎల్ఈడీకి. ఫోటోషాప్‌లో పొరలుగా వేసి కారు మడతల వెంబడి మాస్కు గీయండి. తలుపు మధ్యలో కలిపితే అతుకు తెలుస్తుంది, గీత ఉన్నచోట తెలియదు.

స్లైడర్ 2000 దగ్గర ఆగిపోయి ఫోటో ఇంకా నారింజగానే ఉందా? లైట్‌రూమ్‌లో కనిష్ఠం అదే. దాటే దారి:

- రా ఫైలును అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్‌తో డీఎన్‌జీగా మార్చండి
- అడోబీ డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌లో తెరవండి
- కలర్ మ్యాట్రిసెస్ ట్యాబ్‌లో వైట్ బ్యాలెన్స్ కాలిబ్రేషన్ కింద టెంపరేచర్‌ను ఎడమవైపు లాగండి. మైనస్ 40తో మొదలుపెట్టి చూడండి
- ప్రొఫైల్‌ను ఎగుమతి చేసి లైట్‌రూమ్ మళ్లీ తెరవండి, ఫోటోకు ఆ ప్రొఫైల్ ఎంచుకోండి

ఇప్పుడు టెంపరేచర్ స్లైడర్‌కు రెండు వైపులా జాగా దొరుకుతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలు తీసేవాళ్లు వాడే పద్ధతే ఇది. ఆ కెమెరాకు ఒకసారి చేసి పెట్టుకుంటే చాలు.

ఆ తర్వాత కూడా మిగిలిన పసుపును కలర్ మిక్సర్‌లో ఆరెంజ్ శాచురేషన్ 20 నుంచి 40 తగ్గించి తీయండి. ఎర్ర, నారింజ, పసుపు కార్లకు ఈ పని నేపథ్యం మాస్కులోనే. ఫ్రేమంతటికీ చేస్తే కారే పాలిపోతుంది.

## 9. ఫోటోషాప్‌లో కలపడం

అడుగున వీధి దీపాల ఫ్రేము. దాని మీద లైట్ స్టిక్ ఫ్రేములన్నీ ‘లైటెన్’ మోడ్‌లో (రెండు పొరల్లో ఎక్కువ వెలుగున్నదే కనిపిస్తుంది). ఒక్కోదానికి నల్ల మాస్కు వేసి, కావలసిన చోట తెల్ల బ్రష్‌తో తెరవండి. అన్నీ ఒకేసారి తెరిస్తే కారు ప్లాస్టిక్ బొమ్మయిపోతుంది, నీడలు కొన్ని ఉంచండి.

పెయింటు రంగు ఇంకా కుదరకపోతే సంధ్యలో తీసిన ఫ్రేము తెరవండి. ప్రతిబింబం లేని చోట రంగు పట్టి, ఆ రంగుతో సాలిడ్ కలర్ పొర వేసి, మోడ్ ‘కలర్’, అపాసిటీ 20 నుంచి 40 శాతం, బాడీ ప్యానెళ్లకే మాస్కు. అద్దాలు, లైట్లు, టైర్లు తప్పించండి. 60 శాతం దాటితే స్టిక్కరు అంటించినట్టుంటుంది.

పెయింటు మీద ప్రతిబింబించిన దీపపు చుక్కలను దిద్దకండి. నారింజ దీపం నారింజగానే ప్రతిబింబిస్తుంది. వాటిని తెల్లగా మార్చి, వెనక దీపాన్ని నారింజగా వదిలేస్తే చూసేవాళ్లకు ఏదో తేడా తెలిసిపోతుంది.

## 10. ఎదురయ్యే చిక్కులు, మరమ్మతులు

దిద్దాక నీడల్లో నీలం చుక్కలు: నీలం చానల్ అడుగంటింది. నాలుగు ఫ్రేముల సగటు, లేదా కలర్ నాయిస్ స్లైడర్ 40 నుంచి 60.

నీలం కారు బూడిదగానే ఉంది: కాంతిలో నీలం లేదు. స్టిక్‌తో మళ్లీ తీయాలి.

తెల్ల కారుకు ఊదా చాయ: టింట్ ఎక్కువ లాగారు. ప్లేటు తెల్లదనం చూస్తూ వెనక్కి తగ్గించండి.

ఫ్రేములు పేర్చితే అంచులు కలవడం లేదు: ట్రైపాడ్ కదిలింది, లేదా ఎవరో కారు తలుపు తీసి వేశారు. ఫోటోషాప్ ఆటో అలైన్ (పొరలను తనే సరిగ్గా పేర్చేది) మొదటిదానికి పనిచేస్తుంది, రెండోదానికి చేయదు. షూట్ అయ్యేదాకా కారును ఎవరూ ముట్టొద్దు, క్యాబిన్ లైటు ఫ్రేమును చివరికి ఉంచండి.

ఫోటో అంతా మసక, దీపాల చుట్టూ వలయాలు: ఏసీ కారులోంచి తీసిన లెన్సుకు చెమ్మ పట్టింది. విశాఖ బీచ్ రోడ్డులో అయితే ఉప్పు తెర కూడా. బ్యాగు మూసే ఉంచి అరగంట బయట పెట్టి, తర్వాత కెమెరా తీయండి.

వేసవిలో ఎర్ర, నీలి చుక్కలు: సెన్సర్ వేడెక్కింది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేయండి. 20 సెకన్ల ఫ్రేముకు ఇంకో 20 సెకన్లు ఆగాల్సి వస్తుంది.

ఇంట్లో బాగుంది, ఫోన్‌లో నీలంగా ఉంది: ఎడిట్ చేసేటప్పుడు కంప్యూటర్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉండి ఉంటుంది. రాత్రి పొద్దుపోయాక అది దానంతటదే వస్తుంది. దాన్ని ఆపి, ఎస్‌ఆర్‌జీబీలో (ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే సాధారణ రంగు ప్రమాణంలో) ఎక్స్‌పోర్ట్ చేసి, మర్నాడు పగటి వెలుగులో ఒకసారి చూసుకున్నాకే యజమానికి పంపండి.